ఇది ఇద్దరి పనమ్మా

కల్వంగారి దృష్టిలో లోకంలో ఏ పనీ ఒక్కరు చేసేది కాదు. సీసాకి చీటీ అంటించడానికి ఇద్దరు కావాలి: ఒకరు అంటించడానికి, ఒకరు వంకరగా ఉందని చెప్పడానికి. థర్మామీటరు చూడటానికీ ఇద్దరే: ఒకరు చదవాలి, ఒకరు నమ్మాలి. టీ తాగడానికి కూడా ఇద్దరుండాలి, ఎందుకంటే ఒక్కళ్ళే కూర్చుని తాగితే అది టీ కాదట, మందట. ఏ పని మొదలుపెట్టినా ముందు అటూ ఇటూ చూసి, దొరికినవాళ్ళని పట్టుకుని, "ఇది ఇద్దరి పని" అనేవారు. ఆ మాట వినబడగానే వరండాలో నడుస్తున్నవాళ్ళు దారి మార్చుకునేవారు.

ఆయన అసలు పేరు హాజరుపట్టీలో ఉండే ఉంటుంది. ఏళ్ళ తరబడి పింగాణీ కల్వంలో కొయ్య నూరినందుకు అందరూ ఆయన్ని కల్వంగారనే అనేవారు. అది మొదట చాటుగా పెట్టిన పేరే. ఒకసారి మీటింగులో డైరెక్టరుగారు నోరు జారి అలా పిలిచేస్తే, ఈయన "చెప్పండి" అంటూ లేచి నిలబడ్డారు. ఆ రోజు నుంచి ఎదుటా అదే పేరైపోయింది. నాకు ఆయన పై అధికారి. మా విభాగంలో ఉన్నది ఆయనా నేనూ, అంతే.

మా పని చెట్ల కొమ్మల్లోంచి ప్రోటీన్లు తీయడం. చలికాలం వచ్చినప్పుడు చెట్టు లోపల ఏయే ప్రోటీన్లు తయారవుతాయో, ఎండలు రాగానే ఏవి మాయమవుతాయో చూడాలి. ఆకులోంచి తీయడం తేలిక. గింజలోంచి ఇంకా తేలిక. కొయ్య మాత్రం అక్షరాలా కొరకరాని కొయ్య. అందులో ఉండే ప్రోటీనే చిటికెడు. దానికి తోడు, పచ్చికాయ కొరికితే నాలుకని పట్టేస్తుందే, ఆ వగరు కొమ్మ నిండా ఉంటుంది. కొమ్మ కాస్త కరిగిందంటే ఆ వగరు వెళ్ళి ప్రోటీన్ని కరుచుకుంటుంది. కోసి పెట్టిన కాయ నల్లబడ్డట్టు అంతా గోధుమరంగుకి తిరుగుతుంది, ఇక అది చెత్తబుట్టకి తప్ప దేనికీ పనికిరాదు.

అందుకని కొమ్మని లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, కరగనివ్వకుండా, మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరాలి. నైట్రోజన్ పొయ్యగానే తెల్లగా పొగలు కక్కి అరనిమిషంలో ఎగిరిపోతుంది. మళ్ళీ పోస్తూ ఉండాలి. ఒకరు నూరాలి, ఒకరు పొయ్యాలి. వేరేచోట్ల ఒక్కరే నూరుకుంటూ, ఆపి పోసుకుంటూ చేసుకుంటారని చెబితే కల్వంగారు "అయ్యో పాపం" అనేవారు.

నూరడానికి మా గదిలో ఒక యంత్రం కూడా ఉంది. గొట్టాల్లో కొమ్మ ముక్కలూ ఇనప గుళ్ళూ వేసి మీట నొక్కితే, ఇరవైనాలుగు గొట్టాలని ఒకే ఒక్క నిమిషంలో పొడి చేసి పెడుతుంది. నేను చేరిన మూడో రోజున అది ఆగిపోయింది. నేను అడుగుపెట్టిన వేళావిశేషం అనుకున్నాను. కల్వంగారు దాని మీద గుడ్డ కప్పి, 'రిపేరులో ఉంది' అని చీటీ రాసి, ఆ చీటీ వంకరగా ఉందో లేదో చెప్పమని నన్ను పిలిచారు.

నా సంగతి చెప్పాలి. నేను పదకొండు మంది ఉన్న ఇంట్లో పెరిగాను. స్నానానికి వరస, అద్దానికి వరస, ఏడవాలంటే చోటు కోసం కూడా వరస. నాకంటూ ఒక గది ఉంటే చాలని పదేళ్ళు కలలు కన్నాను. ఈ ఉద్యోగం వచ్చాక ఆ గది దొరికింది. ఎవరిదో మంచం, ఎవరిదో బల్ల, పక్కింటి గోడని చూసే ఒక కిటికీ. మొదటి వారం మంచం మీద అడ్డంగా పడుకుని రాజ్యమేలాను. రెండో వారానికి నా ఊపిరి నాకే వినిపించడం మొదలైంది. ఊళ్ళో ఎవరూ తెలీదు. బస్సులో కండక్టరు "ఎక్కడికి?" అని అడిగితే స్టాపు పేరుతో ఆపకుండా ఇంకో రెండు వాక్యాలు చెప్పేదాన్ని. సెలవు రోజు సాయంత్రానికి వాడకం లేక గొంతు బొంగురుపోయేది.

ఆరు నెలలు నిండితే బదిలీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని మా రూలు. చేరిన పదోరోజునే దరఖాస్తు రాసేసి, తేదీ ఖాళీగా వదిలి, సొరుగులో పెట్టుకున్నాను. దాని మీద కల్వంగారి సంతకం కావాలి. ఆ సంగతి చెబితే ఆయన ఏమీ అడ్డు చెప్పలేదు. ఆరు నెలలు కదా, అందాకా నూరుదాం అన్నారు.

కల్వంగారి దగ్గర పొయ్యడం అంటే వట్టి పొయ్యడం కాదు. పోసేవాళ్ళు మాట్లాడుతూ ఉండాలి. ఆయన తల వంచుకుని నూరుతుంటారు, కళ్ళద్దాలకి పొగ కమ్మేస్తుంది, ఎదుటి మనిషి ఎక్కడున్నదీ కనిపించదు. గొంతు వినబడుతుంటేనే నైట్రోజన్ ఫ్లాస్కు ఎటువైపుందో తెలుస్తుందట. గొంతు ఆగితే ఆయన చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగితే కొమ్మ కరుగుతుంది. ఇదీ ఆయన శాస్త్రం.

ఒక్కో కొమ్మకి నలభై నిమిషాలు. వచ్చిన దగ్గర్నుంచీ ఎవరితోనూ నోరు విప్పని మనిషిని నలభై నిమిషాలు మాట్లాడమంటే ఏం మాట్లాడుతుంది? మొదటిరోజు గోడ మీద ఉన్న జాగ్రత్తల బోర్డు చదివాను. మంటలు లేస్తే ఏ ద్వారం నుంచి పరిగెత్తాలో రెండుసార్లు చెప్పాను. రెండోరోజు సీసాల మీద చీటీలు చదివాను. మూడోరోజు చదవడానికి ఇంకేమీ మిగల్లేదు. బస్సు ఏయే వీధుల్లో తిరుగుతుందో చెప్పాను. నాలుగోరోజుకి మా పెదనాన్న గురక గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన తల ఎత్తకుండానే, "ఎడమవైపు తిరిగి పడుకుంటే తగ్గలేదా?" అని అడిగారు. నెల తిరిగేసరికి మా ఇంట్లో పదకొండు మంది గురకలూ, అలకలూ, ఎవరికి ఏ కూర పడదో అన్నీ ఆయనకి కంఠతా వచ్చేశాయి.

పైగా మతిమరుపొకటి. నూరిన పొడిని మంచులో పెట్టాలి. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న మనిషి రోజూ మంచు సంగతి మరిచిపోయేవారు. సరిగ్గా పొడి తయారయ్యాక నుదురు కొట్టుకుని, "ఎదురుగదికి పరిగెత్తమ్మా" అనేవారు. ఎదురుగది బూజుల విభాగం. రొట్టెలకీ గోడలకీ పట్టే బూజుల్ని అక్కడ పెంచి పోషిస్తారు. ఆ విభాగంలో ఉండే ఆవిడని నేను బూజు అక్క అనేదాన్ని. మొదట్లో డబ్బాలో మంచు పోయించుకుని వచ్చేసేదాన్ని. తరవాత మంచు పోస్తూ ఆవిడ తన అత్తగారి సంగతులు చెప్పడం, నేను నిలబడి వినడం, ఈలోగా మంచు కరిగి మళ్ళీ పోయించుకోవడం. మూడో నెలకి మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కలిసే తినేవాళ్ళం. కల్వంగారి మతిమరుపు పుణ్యమా అని నాకో అక్క దొరికిందని మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఒకసారి వరసగా మూడురోజులు సెలవులొచ్చాయి. నాలుగోరోజు కొమ్మ నూరుతుంటే అలవాటుగా మాట్లాడుతున్నాను. సెలవుల్లో ఏం చేశావని ఆయన అడిగారు. జ్వరం వచ్చిందన్నాను. మూడురోజులూ మంచం మీదే ఉన్నాను, లేచి నీళ్ళు తెచ్చుకుని మళ్ళీ పడుకున్నాను, నాలుగోరోజు తగ్గిపోయింది అన్నాను. ఆ తరవాత, "వచ్చినట్టూ తగ్గినట్టూ ఎవరికీ తెలీదు సార్" అన్నాను. ఆ మాట దగ్గర గొంతు ఆగిపోయింది.

ఆయన చెయ్యి కూడా ఆగింది. పొగ విడిపోయి ఆయన మొహం కనిపించింది. ఇద్దరం అలా చూస్తుండగానే కల్వంలో పొడి తడిసి, రంగు మారి, గోధుమరంగు ముద్దైపోయింది. ఆ రోజుకి అదొక్కటే కొమ్మ. ఆయన నా చేతిలోంచి ఫ్లాస్కు తీసి కింద పెట్టారు. "చెట్టెక్కడికీ పోదులే, రేపు ఇంకోటి కోద్దాం" అని, రిజిస్టరులో ఆ కొమ్మ వరసన 'పాడైంది, తప్పు నాదే' అని రాసి, కల్వం కడగడానికి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి కొత్త రూలొచ్చింది. రోజూ ఉదయం తొమ్మిదింటికి నేను ఆయనకి ఫోన్ చెయ్యాలి, సెలవు రోజుల్లో కూడా. ఎందుకని అడిగితే నైట్రోజన్ లెక్కకట. మనిషి వస్తుందో రాదో తెలియకుండా ఎంత తెప్పించాలో ఎలా తెలుస్తుందని నన్నే కోప్పడ్డారు. ప్రతి ఆదివారం తొమ్మిదింటికి నేను ఫోన్ చేసి, "బాగానే ఉన్నాను సార్" అనేదాన్ని. "నీ సంగతి ఎవరడిగారు, రేపటి నైట్రోజన్ సంగతి చెప్పు" అనేవారు ఆయన. చెప్పేదాన్ని. పెట్టేసేవారు.

ఇదంతా చూసి నాకొకటి అర్థమైందనుకున్నాను. పాపం, ఒంటరి మనిషి. ఇంట్లో ఎవరూ లేరు, మాట్లాడే దిక్కు లేక అందరినీ పట్టుకుని ఇద్దరి పని ఇద్దరి పని అంటున్నారు. పోనీలే, ఉన్నన్నాళ్ళూ కాస్త తోడుగా ఉందాం అనుకున్నాను. ఆ రోజుల్లో నా అంత దయగల మనిషి ఇంకెవరూ లేరని నా నమ్మకం.

అయిదో నెలలో డైరెక్టరుగారికి తొందరొచ్చింది. నలభై ఎనిమిది కొమ్మల ఫలితాలు పదిహేను రోజుల్లో కావాలన్నారు. చేత్తో నూరుతూ కూర్చుంటే తెమలదు. కల్వంగారు కొమ్మలు కోయడానికి వెళ్ళిన పూట, నేనే చొరవ తీసుకుని యంత్రం మెకానిక్‌కి ఫోన్ చేశాను. అతను పెట్టె పట్టుకుని నింపాదిగా వచ్చాడు. గుడ్డ తీసి, వెనక మూత విప్పి, లోపలికి చూసి, మళ్ళీ మూత బిగించేశాడు. అంతా అర నిమిషం.

"ఏమైంది?" అన్నాను.

"ఫ్యూజు లేదు."

"కాలిపోయిందా?"

"కాలలేదమ్మా. తీసేశారు" అని, నన్ను ఎగాదిగా చూసి, "ఈసారి మీరన్నమాట" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. అతను స్టూలు లాక్కుని కూర్చుని చెప్పుకొచ్చాడు. ఈ యంత్రం ఇలా చెడిపోవడం ఇది మూడోసారి. మొదటిసారి, బయట గేటు ఆఫీసు గుమాస్తాగారి భార్య చనిపోయిన ఏడాది. రెండోసారి, కూతురు కాపురానికి వెళ్ళిపోయి లైబ్రరీ ఆవిడ ఒక్కర్తీ అయిపోయినప్పుడు. ఆరు నెలలో ఏడు నెలలో గడిచాక కల్వంగారే తనకి కబురు పెడతారు. తనొచ్చేసరికి ఫ్యూజు బల్ల మీద పెట్టి ఉంటుంది. బిగించి వెళ్ళిపోతాడు. కాగితం మీద మాత్రం 'లోపల వైరు వదులైంది' అని రాస్తాడు.

"మరి ఇప్పుడు?" అన్నాను.

"ఆయన ఇంకా కబురు పెట్టలేదు కదమ్మా" అని పెట్టె తీసుకుని లేచాడు.

మెకానిక్ వెళ్ళాక రిజిస్టరు తీశాను. రోజూ అందులో రాస్తూనే ఉన్నాను గానీ వెనక పేజీలు ఎప్పుడూ తిప్పలేదు. ప్రతి కొమ్మకీ రెండు గడులు: నూరినవారు, పోసినవారు. ఆరేళ్ళ కిందట, పోసినవారు అన్నచోట ఆరు నెలలపాటు గుమాస్తాగారు. చివర 'యంత్రం బాగుపడింది' అని ఒక వాక్యం. ఆ తరవాత నూరినవారి గడిలో యంత్రం, పోసినవారి గడిలో ఒక గీత. ఏడాది పొడుగునా గీతలే. మళ్ళీ ఏడు నెలలు లైబ్రరీ అమ్మగారు. మళ్ళీ 'యంత్రం బాగుపడింది'. మళ్ళీ గీతలు, ఈసారి ఇంకా ఎక్కువ పేజీలు. చివరికి నేను చేరిన మూడోరోజున, ఆయన గుండ్రటి రాతలో, 'కొత్తమ్మాయి'.

యంత్రం బాగుపడేది వాళ్ళు బాగుపడ్డాకే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. వెంటనే ఇంకో అనుమానం వచ్చి మా ఫ్రీజరు కింది అర లాగాను. నిండా మంచు. అయిదు నెలలుగా నేను ఎదురుగదికి పరిగెత్తి తెస్తున్న మంచు మా గదిలోనే గడ్డకట్టి కూర్చుంది.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ముందు కోపమే వచ్చింది, అయిదు నెలలు నన్ను వెర్రిదాన్ని చేసినందుకు. ఆయనకి తోడుగా ఉంటున్నానని అన్ని రోజులు నన్ను నేనే మెచ్చుకున్నందుకు సిగ్గేసింది. కోపం సాయంత్రానికి పోయింది, సిగ్గు మాత్రం పోలేదు. ఆయన కొమ్మలు పట్టుకుని వచ్చాక ఏమీ తెలియనట్టే ఫ్లాస్కు పట్టుకుని, బూజు అక్క అత్తగారి గురించి మొదలుపెట్టాను. నలభై ఎనిమిది కొమ్మలూ చేత్తోనే నూరాం. మధ్యాహ్నాలు గుమాస్తాగారు వచ్చి పోశారు, లైబ్రరీ ఆవిడ వచ్చి చీటీలు అంటించింది. ఇద్దరూ అలవాటున్నవాళ్ళలాగే మాట్లాడుతూ పని చేశారు. డైరెక్టరుగారు చెప్పిన గడువుకి ఒక్కరోజు ముందే పని తెమిలింది.

ఆరు నెలలు నిండాయి. ఆ ఉదయం గదిలోకి అడుగుపెడుతుంటే గుమ్మం దగ్గరే చప్పుడు వినిపించింది. యంత్రం తిరుగుతోంది. గుడ్డ లేదు, చీటీ లేదు. నా బల్ల మీద నా బదిలీ దరఖాస్తు ఉంది. సొరుగులోంచి తీసి ఆయనే సంతకం పెట్టారు. ఖాళీగా ఉన్న తేదీ కూడా ఆయనే వేశారు.

"యంత్రం బాగుపడిందమ్మా" అన్నారు, నా వైపు చూడకుండా. "ఇక ఇది ఒకరి పని."

ఆ నోట ఆ మాట వినడం అదే మొదలు. యంత్రం నిమిషం తిరిగి ఆగింది. ఇరవైనాలుగు గొట్టాలు తీసి పెట్టారు. అయిపోయింది. వారం పట్టే పని నిమిషంలో అయిపోయాక, ఆయన స్టూలు మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, రాని బస్సు కోసం చూస్తున్నట్టు గోడకేసి చూస్తూ ఉండిపోయారు. నాకు ఆ రిజిస్టరులో గీతలన్నీ గుర్తొచ్చాయి. గుమాస్తాగారిని వదిలేశారు, లైబ్రరీ ఆవిడని వదిలేశారు. ఎవరికి ఎప్పుడు నయమైందో కనిపెట్టి, వాళ్ళని పంపేసి, తను గీతల దగ్గరికి తిరిగొచ్చేవారు. నాకిప్పుడు అక్క ఉంది, గుమాస్తాగారున్నారు, ఆదివారం తొమ్మిదింటికి ఒక ఫోన్ ఉంది. ఆయనకి యంత్రం ఉంది.

ఆయన రెండో విడత గొట్టాలు పెట్టి మీట నొక్కారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"సార్, యంత్రం చెడిపోయింది" అన్నాను.

ఆయన యంత్రంకేసి చూశారు. అది ఏ లోపమూ లేకుండా దివ్యంగా తిరుగుతోంది.

"బాగానే ఉంది కదమ్మా."

"లేదు సార్. చప్పుడు తేడాగా ఉంది."

ఆయన నావైపు చాలాసేపు చూశారు. తరవాత వంగి, మూతకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నారు. నన్ను కూడా రెండోవైపు నుంచి చెవి ఆనించమని సైగ చేశారు, ఒకరు విని చెబితే నమ్మడం కుదరదు కనక. ఇద్దరం అటొకరూ ఇటొకరూ చెవులు పెట్టి విన్నాం.

"అవును, తేడాగానే ఉంది" అని మీట ఆపేశారు.

నేను దరఖాస్తుని నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద జారకుండా కల్వం అడుగున పెట్టాను. నూరే బండ నా చేతిలోకి తీసుకుని, ఫ్లాస్కు ఆయన చేతికిచ్చాను. ఇవాళ నేను నూరతాను, మీరు పొయ్యండి అన్నాను. ఆయన పోశారు. తెల్లగా పొగ లేచింది. నా కళ్ళద్దాలు కమ్మేశాయి. ఆయన గొంతు మాత్రం లేదు. నేను చెయ్యి ఆపాను.

"మాట్లాడండి సార్. మీరెక్కడున్నారో నాకెలా తెలుస్తుంది?"

"నేనేం మాట్లాడనమ్మా, నాకేం ఉంది చెప్పడానికి."

నేను నూరలేదు. కొమ్మ కరిగిపోతుందన్న కంగారు ఆయన గొంతులోకి వచ్చేసింది. "మా ఇంట్లో రెండు కుర్చీలున్నాయి" అన్నారు గబగబా. నేను నూరడం మొదలుపెట్టాను. "ఒకదాని మీద నేను కూర్చుంటాను. రెండోదాని మీద ఇస్త్రీ బట్టలు పెడతాను." ఇంకొంచెం పోశారు. "ఆదివారం నువ్వూ, ఆ బూజు అక్కా వస్తామంటే బట్టలు తీసేస్తాను. కాకపోతే ముగ్గురికి రెండే అవుతాయి."

ఇంకో కుర్చీ మేం తెచ్చుకుంటామన్నాను. మడత కుర్చీ అయితే బస్సులో ఎక్కనిస్తారని, మామూలుదైతే ఎక్కనివ్వరని, తమ వీధి మలుపులో బస్సు సరిగ్గా ఆగదని, ఆయన మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఆపకుండా చెబుతూనే ఉన్నారు. నా పొడి మాత్రం బాగా గరుకుగా వచ్చింది. ఆయన దాన్ని చూసి, రిజిస్టరులో నూరినవారి గడిలో నా పేరు, పోసినవారి గడిలో తన పేరు రాశారు.